మా బావ గొంతు

మొన్నొక ఉదయం ఏలూరు పవర్‌పేటలో నేనుండే మేడగది ముందు తడిబట్టలు ఆరేసుకుంటుంటే ఫోన్ మోగింది. ఆకివీడు నుంచి ఎవరో కుర్రాయన. వాళ్ల నాన్నగారి షష్టిపూర్తికి ప్రోగ్రాం కావాలట. తేదీ ఎప్పుడు, మైకు ఎవరిది, భోజనాలకు ముందా తర్వాతా అనే మామూలు మాటలన్నీ అయ్యాక, "మా నాన్నగారు ఒకటి అడగమన్నారండీ. వెనకటికి మీరు తెర కట్టి ఒక ఐటం చేసేవారట కదా, తెర వెనక ఇద్దరు మాట్లాడితే ఒక్కళ్ల గొంతే వినపడేదట. అది చేస్తారాండీ?" అన్నాడు. అది ఇద్దరు చేసేది బాబూ, నేనిప్పుడు ఒక్కణ్ణే అన్నాను. "అయ్యో, రెండో ఆయన లేరాండీ?" అన్నాడు జాలిగా. ఉన్నారు, నిక్షేపంలా తాడేపల్లిగూడెంలో ఉన్నారు అని గబగబా చెప్పి ఫోన్ పెట్టేశాను. పిండని లుంగీ ఒకటి చేతిలో మిగిలిపోయింది. అది కారి కారి కాళ్లు తడిసేదాకా అలాగే నిలబడ్డాను. ఉన్న మనిషిని ఉన్నారని చెప్పడానికి అంత కంగారు ఎందుకొచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

రెండో ఆయన మా బావ, అంటే మా అక్క భర్త. గూడెంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, స్కూలు వార్షికోత్సవాలు ఏం జరిగినా మైకు పట్టుకునేవాడు. పద్యం పాడేవాడు, పాట పాడేవాడు, వచ్చిన పెద్దల్ని వాళ్ల తాతల పేర్లతో సహా పలకరించేవాడు. ఉద్యోగం లేదు, జీతం లేదు, గొంతే ఆయన పొలం. నేను డిగ్రీ రెండుసార్లు తప్పి, ఇంట్లో మొహం చూపించలేక అక్క దగ్గరికి వచ్చి పడ్డాను. నాకు వచ్చిందల్లా ఒకటే విద్య, ఎవరు ఎలా మాట్లాడితే అలా మాట్లాడటం. కాలేజీలో దానికి ప్రిన్సిపాల్ గారు నన్ను వారం రోజులు బయట నిలబెట్టారు. మా బావ మాత్రం రెండో రోజే తనతోపాటు స్టేజీ ఎక్కించాడు. "ఏవండోయ్, ఈయన మా బామ్మర్దండీ. పరీక్షలు తప్ప మిగిలినవన్నీ పాసయ్యాడు" అని పరిచయం చేశాడు. జనం నవ్వారు. నా జీవితంలో జనం నన్ను చూసి కాకుండా నా కోసం నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత పదకొండేళ్లు ఇద్దరం కలిసి తిరిగాం. ఈ వృత్తి బయటికి కనిపించినంత వెలుగుగా ఉండదు. స్టేజీ మీద పట్టుశాలువా కప్పించుకుంటాం, అంతకుముందు గంటసేపు కల్యాణ మండపం వెనక గదిలో బూందీ బేసిన్ల మధ్య, వంటవాళ్ల చెప్పుల మధ్య కూర్చుని ఉంటాం. భోజనం ఆఖరి బంతిలో, అప్పటికి గుత్తివంకాయలో వంకాయ ఉండదు. మూఢం వచ్చిందంటే నెలల తరబడి గొంతుకి సెలవు. మా అక్క నాకు సంబంధాలు చూసింది. భీమడోలు నుంచి ఒకాయన వచ్చి కాఫీ తాగి, నన్ను కాకి అరుపు, రైలు కూత అన్నీ చేయమని అడిగి, చాలా సంతోషపడి, "మిమిక్రీ సరేనండీ, అబ్బాయి పని ఏం చేస్తాడు?" అన్నాడు. ఇంకో మూడు ఇళ్లవాళ్లు కూడా దాదాపు అదే మాట అడిగారు. నాలుగోసారికి మా అక్క చూడటం మానేసింది. నేనూ అడగలేదు. అప్పుడది బాధగా అనిపించలేదు. అక్క వంట, బావ మాట ఉన్న ఇంట్లో నాకు లోటేమీ తెలియలేదు.

ఆ తెర ఐటం బావ బుర్రలోంచి వచ్చిందే. ఎవరి గొంతైనా కంఠంలో పుడుతుందనుకుంటారు గానీ, నా అనుభవంలో మనిషి ఎక్కడ ఆగుతాడో అక్కడ అది దొరుకుతుంది. మా బావ మాట మొదలుపెట్టేముందు నాలుకతో చిన్నగా చప్పుడు చేస్తాడు. వాక్యం చివర 'అండీ'ని చేత్తో పట్టుకున్నట్టు కాస్సేపు పట్టుకుని వదులుతాడు. తను వేసే జోకు పూర్తికాకముందే తనే నవ్వేస్తాడు. ఒకే మంచం మీద పక్కపక్కన పడుకుని, ఒకే బస్సులో ఊగుతూ, ఇవన్నీ నాకు తెలియకుండానే పట్టుబడ్డాయి. ఒకరోజు నేను వంటింటి గుమ్మం బయట నిలబడి ఆయన గొంతుతో కాఫీ అడిగితే, అక్కకి సాయం వచ్చిన పక్కింటావిడ గ్లాసు అందించబోయి, నన్ను చూసి వదిలేసింది. దాంతో బావకి ఆలోచన వచ్చింది. మా అక్క పాత జరీచీర ఒకటి తెరగా కట్టేవాళ్లం. వెనక ఇద్దరం కుర్చీల్లో కూర్చునేవాళ్లం. జనంలోంచి ఎవరైనా ప్రశ్న అడిగితే ఒకసారి ఆయన, ఒకసారి నేను, ఆయన గొంతుతోనే జవాబు చెప్పేవాళ్లం. అసలు బావ ఎవరో చెప్పాలి. కొల్లేటి పల్లెల్లో దీనికి పెద్ద పేరు. ఒక ఊళ్లో ఒక ముసలాయన పావుగంట చెవి రిక్కించి విని, విసుగొచ్చి, "ఇద్దరూ దొంగలేనండీ!" అని అరిచాడు. తర్వాత ఏ ఊరు వెళ్లినా మా బావ ఆ మాట చెప్పుకుని నవ్వేవాడు. ఒక్కసారి కూడా పొరబడకుండా చెప్పగలిగింది మా అక్క మాత్రమే. "ఎలా కనిపెడతావే?" అని అడిగితే, "మా ఆయన మాటకి ముందు ఊపిరి తీసుకుంటాడు. నీకు అంత తీరిక లేదు" అంది. అప్పుడది మెచ్చుకోలో తిట్టో నాకు తెలియలేదు.

ఆ విద్య స్టేజీ మీదే ఆగలేదు. సెల్‌ఫోన్లు వచ్చాక మా విజిటింగ్ కార్డు మీద బావ నంబరు ఒక్కటే వేయించాం. ప్రోగ్రాం పెట్టించుకునే పార్టీవాళ్లు బేరం ఆడేటప్పుడు గొంతు మారితే అనుమానపడతారు. మొదట ఒకరు, తర్వాత ఇంకొకరు మాట్లాడితే, 'ఇందులో అసలు యజమాని ఎవరండీ' అని మొదలుపెడతారు. అందుకని బావకి జలుబు చేసినా, స్నానంలో ఉన్నా, ఆ ఫోన్ నేనెత్తి ఆయన గొంతుతోనే మాట్లాడేసేవాణ్ణి. "పార్టీకి ఒకటే గొంతు వినపడాలిరా" అనేవాడు. నేను ఒప్పుకున్న ప్రోగ్రాములు, నేను కుదరదన్న ప్రోగ్రాములు అన్నీ ఆయన చెప్పినట్టే లెక్క. తర్వాత సంగతి చెబితే, "బాగానే చెప్పాన్లే" అనేవాడు. అంత నమ్మకం ఒక మనిషి చేతిలో, అదీ ఇంకొకళ్ల గొంతులో పెట్టకూడదు. అది ఆయనకి తెలియదు. నాకూ అప్పటిదాకా తెలియదు.

ఒక శనివారం బావా అక్కా ద్వారకా తిరుమల మొక్కు తీర్చుకోవడానికి వెళ్లారు. దర్శనం లైనులో ఫోన్ ఎందుకని నాకిచ్చి వెళ్లాడు. "ఎవరైనా చేస్తే నేనే మాట్లాడతాలే" అని నవ్వుతూ బస్సెక్కాడు. పది గంటలకి ఫోన్ వచ్చింది. కైకలూరు నుంచి ఒక చేపల మేత కంపెనీ మేనేజరు. కొల్లేరు చుట్టూ ఊరూరా చెరువుల రైతులకి మీటింగులు పెడుతున్నారట, వాటిని నడిపించే మాటకారి కావాలట. ఏడాది పొడుగునా పని. "మీరొక్కరు వస్తే చాలండీ, మీ బామ్మర్ది గారు అక్కర్లేదు. రైతులకి పిట్ట కూతలు ఎందుకండీ, వాళ్లకి రోజూ వినేవేగా. మాట్లాడే మనిషి కావాలి. ఈసారైనా కాదనకండి" అన్నాడు. నేను బావలాగా నాలుకతో చప్పుడు చేసి ఏదో అనబోయి ఆగిపోయాను. నా గురించి నాకే చెబుతున్నాడు. పదకొండేళ్లుగా జనం నా కోసం నవ్వుతున్నారనుకున్నవాణ్ణి, పిట్ట కూతనయ్యాను. నిజం చెప్పాలంటే ఆ నొప్పి ఒక్కటే అయితే ఇప్పుడిలా రాయనక్కర్లేదు. నొప్పి వెనకే దురాశ కూడా వచ్చింది. ఏడాది పొడుగునా పని అన్న మాట చెవిలో తిరిగింది. 'అబ్బాయి పని ఏం చేస్తాడు' అని అడిగేవాళ్లకి చెప్పుకోదగ్గ పని.

"అదేనండీ," అన్నాను, మా బావ గొంతుతో. 'అండీ'ని సరిగ్గా ఆయన పట్టుకున్నంతసేపే పట్టుకున్నాను. "నేను ఈ పని మానేద్దామనుకుంటున్నానండీ. ఒంట్లో బాగోట్లేదు. మా బామ్మర్ది ఉన్నాడు. నాకంటే వాడే మాటకారండీ. నా మాట మీద వాణ్ణి తీసుకోండి." ఆయన చాలా బాధపడ్డాడు. బావ ఆరోగ్యం గురించి రెండుమూడు ప్రశ్నలు అడిగాడు. వాటన్నిటికీ జవాబులు చెప్పాను. ఒక జోకు కూడా వేసి, అది పూర్తికాకముందే నవ్వాను. ఆ రోజు అక్క ఇంట్లో లేదు గాబట్టి కనిపెట్టేవాళ్లు లేరు.

సాయంత్రం గుండ్లతో, లడ్డూ ప్రసాదంతో దిగారు. మేత కంపెనీవాళ్లు నా కోసం అడిగారని, ఒక్కరే కావాలన్నారని చెప్పాను. బావ ఒక్క క్షణం నన్ను చూశాడు. "మంచిదేగా. నీకూ ఒక దారి ఉండాలిగా" అన్నాడు. లడ్డూ విరిచి పెద్ద ముక్క నాకిచ్చాడు. తిన్నాను.

ఆ నెలలోనే కైకలూరులో గది తీసుకున్నాను. ఉద్యోగం పెద్దదేమీ కాదు. చెరువు గట్టున షామియానా వేస్తారు. రైతులు బిర్యానీ కోసం, కంపెనీ టోపీ కోసం వస్తారు. టెక్నికల్ ఆఫీసరు గారి కారు వచ్చేదాకా వాళ్లు లేచిపోకుండా నేను ఆపాలి. పిట్ట కూతలు వద్దన్నారు గాబట్టి చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ శబ్దం చేసేవాణ్ణి. ఒకసారి ఒక పెద్దాయన, "శబ్దం బాగానే వచ్చిందండీ, కాస్త ఆక్సిజన్ కూడా వదిలితే ఇంకో యాభై కిలోల చేప పెరిగేది" అన్నాడు. అందరూ నవ్వారు. బావ పక్కన ఉంటే దానికి తిరుగు మాట వేసేవాడు, ఆ పెద్దాయన మళ్లీ అందుకునేవాడు, గంట గడిచేది. నేను మాత్రం నవ్వి ఊరుకున్నాను. ఒక్కడే నవ్వించాలంటే నవ్వు అయిపోయాక వచ్చే నిశ్శబ్దాన్ని కూడా ఒక్కడే మోయాలి. మధ్యాహ్నాలు గట్టు మీద తాటి నీడన కూర్చుంటే, చుట్టూ ఎటు చూసినా చెరువులు, దూరంగా దోనెలో మేత చల్లుతూ ఎవరో ఒక మనిషి, గుంపుగా వాలే గూడబాతులు కనిపించేవి. అన్ని పిట్టలున్నా నాకు మాట్లాడే మనిషి లేడు. నాలుగేళ్లకి కంపెనీవాళ్లు మీటింగులు మానేసి ఫోన్లలో వీడియోలు పంపడం మొదలుపెట్టారు. నేను ఏలూరు వచ్చేసి మళ్లీ పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ తిరగడం మొదలుపెట్టాను, ఒక్కణ్ణే.

నేను వెళ్లాక బావ ప్రోగ్రాములు తగ్గించేశాడని, తర్వాత గూడెం ఉల్లిపాయల మార్కెట్లో వేలం పాట పాడే గుమాస్తాగా చేరాడని విన్నాను. పద్యం పాడిన గొంతుతో ఉల్లి బస్తాల రేట్లు పాడుతున్నాడు. పెళ్లిళ్లలోనూ కర్మల్లోనూ ఎదురుపడేవాళ్లం. "బాగున్నావా?" "బాగున్నాను బావా." అంతే. పక్కన కూర్చోవాల్సి వస్తుందని నేను ఎప్పుడూ వేరే బంతిలో కూర్చునేవాణ్ణి. ఆయనకి తెలుసో తెలియదో నాకు తెలియదు. తెలుసుకోకుండా ఉండటానికి పదిహేడేళ్లు చాలా కష్టపడ్డాను.

ఆకివీడు ఫోన్ వచ్చిన నాలుగో రోజున పాసింజరెక్కి గూడెం వెళ్లాను. మార్కెట్ సెలవు రోజు. బావ అరుగు మీద చేట ముందు కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నాడు. అక్క పక్కన పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఇద్దరూ లేవలేదు.

"ఇటువైపు ఎవరిదైనా ప్రోగ్రాం ఉందా?" అన్నాడు బావ.

"లేదు బావా. మీకొక మాట చెప్పాలని వచ్చాను."

"చెప్పు. మాకు టిక్కెట్టేం లేదుగా."

కొండకి వెళ్లిన రోజు సంగతి చెప్పాను. వాళ్లేమడిగారో, నేను ఏ మాటకి ఏ మాట చెప్పానో, ఏదీ దాచకుండా చెప్పాను. చెప్పడానికి ఆ ఫోన్ మాట్లాడినంతసేపే పట్టింది. ఆయన చేతులు ఆగలేదు. పిక్కలు ఒకటీ ఒకటీ పక్కన పడుతూనే ఉన్నాయి.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి బావా?"

"నువ్వెళ్లిన రెండేళ్లకి. ఆ మేనేజరు గారు మార్కెట్లో కనపడ్డాడు. 'ఒంట్లో బాగోలేదని పాట మానేశానన్నారు, ఇక్కడ వేలం ఎలా పాడుతున్నారండీ' అని అడిగాడు. నేనెప్పుడన్నానా అని ఒక నిమిషం నన్ను నేనే అనుమానించుకున్నాను. తర్వాత అర్థమైంది. 'అవునండీ, అన్నాను. ఇప్పుడు తగ్గిందండీ' అన్నాను."

"మీరెందుకు ఒప్పుకున్నారు?"

"మరేం చెప్పమంటావు? మా బామ్మర్ది నా గొంతు పెట్టి మిమ్మల్ని మోసం చేశాడండీ అంటే, తెల్లారి నీకెవరు మైకిస్తారు?"

అప్పుడు అక్క నోరు విప్పింది. "అంతకుముందు ఆ కంపెనీ ఆయన రెండుసార్లు అడిగాడురా, ఒక్కణ్ణే రమ్మని. ఇద్దరం అయితేనే వస్తామండీ అని ఈయన రెండుసార్లూ పెట్టేశాడు. నువ్వు నొచ్చుకుంటావని నీకు చెప్పొద్దన్నాడు." 'ఈసారైనా కాదనకండి' అన్న మాట నాకు ఇన్నేళ్ల తర్వాత వినపడింది. ఆ రోజు విని ఉంటే అడిగేవాణ్ణి. వినడమే నా వృత్తి, అయినా ఆ ఒక్క మాట వినలేదు.

నాకు ఏడుపు వచ్చింది. యాభై ఏళ్ల మనిషి పరాయి అరుగు మీద ఏడవడం బాగుండదని కాళ్లవైపు చూస్తూ కూర్చున్నాను. "నన్ను క్షమించండి బావా" అన్నాను.

బావ చేట పక్కకి జరిపాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "కోపం ఎప్పుడో పోయిందిరా. కానీ క్షమించానని నా నోటితో రావట్లేదు. రెండుమూడుసార్లు అనుకుని చూశాను, రాలేదు. నీకెలాగూ నా గొంతు వచ్చుగా. కావాలంటే నువ్వే అనుకో" అన్నాడు. వెనకటి బావ అయితే ఆ మాట పూర్తికాకముందే నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు.

అక్క భోజనం పెట్టింది. ముగ్గురం కింద కూర్చుని తిన్నాం. "పప్పు వేసుకో" అని ఒక్కసారి అన్నాడు బావ. వెళ్లొస్తానంటే "ఊఁ" అన్నాడు. అక్క గుమ్మం దాకా వచ్చి, "మళ్లీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది. పదిహేడేళ్లలో ఆ మాట ఎవరూ నన్ను అడగలేదు. త్వరలో వస్తానన్నాను. ఆవిడ తలూపింది, నమ్మిందో లేదో తెలియలేదు.

మూడు గంటల ఎండలో గూడెం ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఎవరూ లేరు. అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూనే, నాలుకతో చిన్నగా చప్పుడు చేసి, "క్షమించానులేరా, వెళ్లు" అన్నాను, బావ గొంతుతో. గొంతు వచ్చింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, చివర ఎంతసేపు పట్టుకోవాలో అంతసేపు పట్టుకుంది. కానీ అది నేను ఇందాక అరుగు మీద విన్న గొంతు కాదు. ఉల్లి మార్కెట్లో అరిచి అరిచి వచ్చిన జీర అందులో లేదు. మాటకీ మాటకీ మధ్య ఇప్పుడు ఆయన తీసుకుంటున్న ఆయాసపు ఊపిరి లేదు. 'రావట్లేదు' అన్నప్పుడు గొంతు కిందికి జారిపోయిన తీరు అసలే లేదు. నా దగ్గరున్నది నలభై ఏడేళ్ల మనిషి గొంతు, ఆ మనిషి నాకు లడ్డూలో పెద్ద ముక్క ఇచ్చిన రోజుతో ఆగిపోయింది. ఆ మనిషికైతే క్షమించాల్సింది ఏదీ తెలియదు. తెలిసిన మనిషి గొంతు నాకు రాదు. గొంతు నేర్చుకోవాలంటే మనిషి పక్కన ఏళ్ల తరబడి కూర్చోవాలి. నేను కూర్చోకుండా పోయిన ఆ ఏళ్లలోనే మా బావ ముసలివాడయ్యాడు.